నల్లరేగడి తోటకు తగిన టిల్లరు

ప్రశ్న: గుంటూరు ప్రాంతమున మాకు అర ఎకరము నల్లరేగడి కూరగాయల తోట కలదు. ఎట్టి టిల్లరు కొనవలెను?

జవాబు: తడిసినప్పుడు జిగటయై బ్లేడ్లకు చుట్టుకొనుచు, ఎండినప్పుడు నెఱ్ఱెలు విచ్చి శిలాసదృశముగా బిగియు మీ నేలకు, చక్రముల ఊత లేక ముందరి బ్లేడ్ల మీదనే నడచు తేలికయంత్రము తగదు; అది ఇసుకపాలు మెండైన చల్కానేలలో ముచ్చటగా సాగినను, గట్టి రేగడిపై ఎగురుచుండునే గాని లోతునకు దిగదు. కావున ఇంజనుబలమున చక్రములు తిరుగుచు, బ్లేడ్లు వెనుక అమరి, స్వీయభారముచే నేలను పట్టి నిలుచు 7 అశ్వశక్తుల యంత్రమును గ్రహింపుడు. 12 అశ్వశక్తుల పవర్ టిల్లరు ఈపాటి తోటకు వ్యర్థవ్యయము; మడి చివర మలపుటయే ప్రయాస. అయినను, అమ్మకందారు వర్ణించు అశ్వశక్తికన్న నేల పదునే ప్రధానమని నా అభిప్రాయము: పిడికిట ఉండయై, వ్రేలితో నొక్కగానే విడిపోవు మన్నునే దున్నుడు. సాళ్ళ నడుమ కలుపునకైనచో, దున్ను వెడల్పు సాళ్ళ ఎడముకన్న తక్కువగా ఉండునట్లు కొనుటకు ముందే కొలిచి చూచుకొనుడు.