సంఖ్యాశాస్త్ర సాఫ్ట్‌వేర్ సారాంశ పట్టికలలో లేబుళ్ల మార్పు - క్షేత్ర ప్రయోగ పరిశోధకులు పాటించవలసిన జాగ్రత్తలు

ఉపోద్ఘాతం

క్షేత్ర ప్రయోగ ఫలితాలు విస్తరణాధికారికి, అక్కడి నుండి రైతుకు చేరేది ప్రధానంగా పట్టికల రూపంలోనే. విశ్లేషణకు సాఫ్ట్‌వేర్‌ను ఉపయోగించినపుడు, దత్తాంశాల ఫైలులో మనం పెట్టుకున్న పొట్టి పేర్లే పట్టికలోనూ కనిపిస్తాయి. గింజ దిగుబడికి ‘జివై’ అనీ, మొదటి ట్రీట్‌మెంటుకు ‘టి1’ అనీ రాసుకోవడం విశ్లేషకునికి సౌకర్యమే కాని, పాఠకునికి అవి అర్థం కావు. అందుచేత లేబుళ్లను మార్చవలసి వస్తుంది. స్నాతకోత్తర విద్యార్థులు దీనిని సిద్ధాంత గ్రంథానికి చివరలో చేసే అలంకరణగా భావించడం పరిపాటి. వాస్తవానికి ఇది విశ్లేషణలో భాగమే. లేబుల్ తారుమారైతే గణన అంతా సరిగా ఉన్నప్పటికీ సిఫారసు తప్పవుతుంది.

లేబుళ్లలో రకాలు

సారాంశ పట్టికలో మూడు రకాల లేబుళ్లు ఉంటాయి. గింజ దిగుబడి, పిలకల సంఖ్య వంటి చలరాశుల పేర్లు మొదటివి. ట్రీట్‌మెంట్లు, రకాలు వంటి స్థాయిల పేర్లు రెండవవి. నిలువు వరుసల శీర్షికలు, పాదసూచికలు మూడవవి. స్టాటా, ఎస్.పి.ఎస్.ఎస్. సాఫ్ట్‌వేర్‌లలో చలరాశి లేబుల్‌కు, విలువల లేబుల్‌కు వేర్వేరు ఆదేశాలున్నాయి. శాస్‌లో మొదటిదానికి లేబుల్ వాక్యాన్ని, రెండవదానికి ఫార్మాట్‌ను వాడుతారు. ఉచితంగా లభించే ఆర్‌లో జీటీసమ్మరీ ప్యాకేజీ ఈ పనికి అనువైనది. ఇందులో చలరాశికి ముందే లేబుల్ జతచేసి ఉంటే అదే పట్టికలోకి వస్తుంది. లేనిచో వరుస పేరు యథాతథంగా వస్తుంది. పట్టిక తయారుచేసే ఆదేశంలోనే ప్రతి చలరాశికి ఎదురుగా కావలసిన పేరును ఇవ్వవచ్చును.

ట్రీట్‌మెంట్ల క్రమం

అన్నింటికన్నా ప్రమాదకరమైన పొరపాటు ఇక్కడే జరుగుతుంది. 12 ట్రీట్‌మెంట్లు గల ప్రయోగాన్ని ఉదాహరణగా తీసుకొందాం. ఫైలులో టి1 నుండి టి12 వరకు సంకేతాలున్నాయి. ఆర్ వీటిని సంఖ్యలుగా కాక అక్షరాలుగా చూసి టి1, టి10, టి11, టి12, టి2, టి3 అనే క్రమంలో అమరుస్తుంది. పరిశోధకుడు స్థాయిల క్రమాన్ని తెలుపకుండా, క్షేత్ర పటంలోని వరుసలో 12 పేర్లను మాత్రమే ఇస్తే, రెండవ పేరు టి10 విలువలకు అతుక్కుంటుంది. టి2 విలువలు ఐదవ ట్రీట్‌మెంటు పేరుతో కనిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ ఎట్టి హెచ్చరికా చేయదు. విచలన విశ్లేషణలో ఎఫ్ విలువ, క్రిటికల్ డిఫరెన్స్ మారవు కనుక పరిశీలకులకు కూడా అనుమానం రాదు.

దీని నివారణకు స్థాయిలను, లేబుళ్లను ఒకే ఆదేశంలో, ఒకే క్రమంలో పక్కపక్కనే రాయాలి. సంకేతాలను మొదటి నుండే టి01, టి02 అని రెండంకెలతో నమోదు చేయడం ఇంకా మేలు. పేర్లు మార్చిన పిమ్మట పాత సంకేతాలకు, కొత్త పేర్లకు మధ్య ఒక అడ్డు పట్టిక వేసి, ప్రతి సంకేతం ఒకే పేరుతో, అదీ సరైన పేరుతో, జతపడినదో లేదో సరిచూసుకోవాలి.

లేబుల్‌లో కొలమానం

పోషకాల మోతాదును తెలిపే లేబుల్‌లో రూపాన్ని కూడా పేర్కొనాలి. మన సిఫారసులలో భాస్వరం అంటే భాస్వర పెంటాక్సైడ్ రూపం. మూలక భాస్వరాన్ని ఈ రూపంలోకి మార్చడానికి 2.29తో గుణించాలి. హెక్టారుకు 60 కిలోల భాస్వర పెంటాక్సైడ్‌కు 16 శాతం గల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు 375 కిలోలు, అనగా ఎకరాకు సుమారు 3 బస్తాలు (50 కిలోలవి) అవసరం. ‘భాస్వరం, 60 కిలోలు’ అన్న లేబుల్‌ను మూలక రూపంగా చదివినవారు ఎకరాకు దాదాపు 7 బస్తాలు లెక్కిస్తారు. పొటాష్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. మూలక పొటాషియంను ఆక్సైడ్ రూపంలోకి మార్చే గుణకం 1.2. అదే విధంగా దిగుబడి లేబుల్‌లో హెక్టారుకా, ఎకరాకా అన్నదీ, గింజలోని తేమ శాతమూ ఉండాలి.

గణాంకం పేరు

జీటీసమ్మరీ సంఖ్యారూప చలరాశులకు మనం కోరకపోతే మధ్యగతాన్ని, చతుర్థాంశాలను ఇస్తుంది. మూడు రెప్లికేషన్ల ప్రయోగంలో చతుర్థాంశాలకు అంతగా అర్థం లేదు కనుక సగటును, ప్రామాణిక విచలనాన్ని కోరాలి. అట్లు కోరినపుడు పాదసూచిక తనంతట తానే మారుతుంది. కాని శీర్షికను మనం చేత్తో రాస్తే ఆ బాధ్యత మనదే. సగటు పక్కన కూడిక-తీసివేత గుర్తుతో ఇచ్చిన అంకె విచలనమా, ప్రామాణిక దోషమా అన్నది తెలుపకపోతే పాఠకుడు పొరబడతాడు; మూడు రెప్లికేషన్లలో మొదటిది రెండవదానికి 1.73 రెట్లు ఉంటుంది. ఒక్కొక్క ట్రీట్‌మెంటు ముడి విలువల నుండి లెక్కించిన ప్రామాణిక దోషం, విచలన విశ్లేషణలోని దోష వర్గ సగటు నుండి వచ్చే ప్రామాణిక దోషం ఒకటి కావు. మొదటిదానికి రెండవదాని పేరు పెట్టరాదు.

మరి రెండు విషయాలు గమనించాలి. 10 కంటే తక్కువ విభిన్న విలువలున్న సంఖ్యారూప చలరాశిని ఈ ప్యాకేజీ వర్గాలుగా భావించి, సగటుకు బదులు శాతాలు చూపుతుంది. కొమ్మల సంఖ్య వంటి లక్షణాలలో ఇది ఎదురవుతుంది. అపుడు చలరాశి రకాన్ని మనమే పేర్కొనాలి. నమోదు కాని విలువలకు వచ్చే ఆంగ్ల పదం స్థానంలో ‘నమోదు కానివి’ అని మార్చవచ్చును. ముంపులో పోయిన మడికి సున్నా వేయడం మాత్రం సరికాదు.

ముగింపు

లేబుళ్లను వర్డ్ ఫైలులో చేత్తో దిద్దడం కంటే ఆదేశాలలోనే రాయడం శ్రేయస్కరం. దత్తాంశాలలో ఒక విలువ సరిదిద్ది మరల విశ్లేషించినపుడు చేతి దిద్దుబాట్లన్నీ పోతాయి. ఆదేశాలలోనివి నిలుస్తాయి, ఇతరులు సరిచూడడానికీ వీలవుతుంది. పట్టికను సమర్పించే ముందు కనీసం రెండు ట్రీట్‌మెంట్ల సగటులను క్షేత్ర నమోదు పుస్తకంలోని అంకెలతో స్వయంగా లెక్కించి పోల్చుకోవాలి. ఆ రెండింటిలో ఒకటి టి10 లేదా ఆపై సంఖ్య గలదై ఉండాలి. ఇందుకు పది నిమిషాలు చాలు.