ఐ-20లో ఎవరూ చదవని ఆరంకెలు

అమెరికాలో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో ఎంఎస్ చేయడానికి పిల్లలను పంపిన తల్లిదండ్రులు ఈ మధ్య న్యాయవాదుల దగ్గరకు తెస్తున్న కాగితాలలో ఒకే పొరపాటు పదే పదే బయటపడుతోంది. అది ఫీజులోనో మార్కులలోనో వీసా ఇంటర్వ్యూలోనో జరిగిన పొరపాటు కాదు. విశ్వవిద్యాలయం పంపిన ఐ-20 పత్రం మొదటి పేజీలో చదువు పేరు పక్కనే అచ్చయిన ఆరంకెల కోడ్‌ను విద్యార్థి గానీ, తండ్రి గానీ, డబ్బు తీసుకున్న కన్సల్టెన్సీ గానీ, అప్పు ఇచ్చిన బ్యాంకు గానీ చదవకపోవడంలో జరిగిన పొరపాటు. చదువు ముగిశాక ఆ దేశంలో ఉద్యోగం చేసుకోవడానికి పన్నెండు నెలలే దొరుకుతాయా, ముప్ఫై ఆరు నెలలు దొరుకుతాయా అనేది ఆ కోడ్‌తోనే తేలిపోతుంది గనుక, అప్పు చేసి పంపిన కుటుంబం నిలబడుతుందో కూలబడుతుందో కూడా చాలావరకు అక్కడే నిర్ణయమవుతోంది.

ఐ-20 అంటే విద్యార్థి ఏ చదువులో చేరుతున్నాడు, అది ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుంది, ఖర్చు ఎంత, ఆ ఖర్చుకు ఆధారం ఏమిటి అనే సంగతులను ధ్రువీకరిస్తూ విశ్వవిద్యాలయం జారీ చేసే పత్రం. ఎఫ్-1 విద్యార్థి వీసాకు మూలం అదే. ఆ వీసా మీద చదివినవారు పట్టా పొందిన తరువాత తమ చదువుకు సంబంధించిన పని చేయడానికి ఇచ్చే పన్నెండు నెలల అనుమతిని ఓపీటీ అంటారు. విజ్ఞాన, సాంకేతిక, ఇంజినీరింగ్, గణిత రంగాల చదువులను కలిపి స్టెమ్ అని వ్యవహరిస్తారు. ఆ రంగాల పట్టా ఉన్నవారికి ఓపీటీ మీద మరో ఇరవై నాలుగు నెలల పొడిగింపు లభిస్తుంది. 2008లో ఈ పొడిగింపు పదిహేడు నెలలుగా మొదలై, 2016 మే 10 నుంచి ఇరవై నాలుగు నెలలైంది. అయితే ఏ చదువు స్టెమ్ అవుతుందో నిర్ణయించేది దాని పేరు కాదు, విశ్వవిద్యాలయం ప్రచార పత్రంలో రాసుకున్న విశేషణాలూ కావు. అమెరికా హోంల్యాండ్ భద్రతా శాఖ ప్రకటించే జాబితాలో ఆ చదువు కోడ్ ఉన్నదా లేదా అన్నదొక్కటే నిర్ణయిస్తుంది.

ఈ కోడ్‌ను సిప్ కోడ్ అంటారు. అమెరికా విద్యాశాఖకు చెందిన గణాంక కేంద్రం దేశంలోని చదువులన్నింటినీ వర్గీకరించి అంకెలు కేటాయించగా, ప్రతి విశ్వవిద్యాలయమూ తన కోర్సు ఏ అంకె కిందికి వస్తుందో తానే ఎంచుకుంటుంది. మొదటి రెండంకెలు రంగాన్ని సూచిస్తాయి: 11తో మొదలైతే కంప్యూటర్, సమాచార శాస్త్రాలు, 52తో మొదలైతే వ్యాపార నిర్వహణ. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అనే చదువు ఈ రెండు రంగాల గట్టు మీద నిలిచినది కావడమే చిక్కంతా. ఒక విశ్వవిద్యాలయంలో దాన్ని కంప్యూటర్ విభాగం నడుపుతుంది, ఇంకొకచోట బిజినెస్ స్కూలు నడుపుతుంది. డేటాబేస్, సిస్టమ్స్ అనాలిసిస్, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ వంటి పాఠాలు రెండుచోట్లా దాదాపు ఒకటే అయినా, ఒకచోట ఐ-20 మీద 11.0103 అనో 11.0401 అనో 11.0501 అనో ఉంటుంది, ఇంకొకచోట 52.1201 అని ఉంటుంది. మొదటి మూడూ స్టెమ్ జాబితాలో ఉన్నాయి. మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌కు చెందిన 52.1201 అందులో లేదు. పొరుగునే ఉన్న 52.1301, అంటే మేనేజ్‌మెంట్ సైన్స్, జాబితాలో ఉండడం వల్ల 52తో మొదలయ్యేవన్నీ చెల్లుతాయని కొందరు, ఏవీ చెల్లవని కొందరు భ్రమపడుతున్నారు. మొదటి రెండంకెలు చూసి ఊరుకుంటే సరిపోదు, ఆరంకెలూ చూడాలి.

ఈ కోడ్‌ను చదువు ముగిశాక చూసుకోవడం వల్ల ప్రయోజనం లేదు. విశ్వవిద్యాలయం ఇచ్చిన సీటును అంగీకరించకముందే, డిపాజిట్ కట్టకముందే చూసుకోవాలి. సీటు ఇచ్చినవారు ఐ-20 పంపేది ఆ తరువాతే గనుక, ఆ కోర్సు సిప్ కోడ్ ఎంత, అది ప్రస్తుత స్టెమ్ జాబితాలో ఉన్నదా అని విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని ముందుగానే ఈమెయిల్ ద్వారా అడిగి, జవాబును భద్రపరచుకోవాలి. ఫోన్‌లో చెప్పిన మాట రేపు ఎక్కడా నిలవదు. ఐ-20 చేతికి వచ్చిన రోజున ఆ జవాబునూ పత్రంలోని అంకెనూ పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా ఉంటే విమానం ఎక్కకముందే ప్రశ్నించాలి.

స్టెమ్ కాని కోడ్‌కు విరుగుడుగా జనంలో చలామణిలో ఉన్న రెండు నమ్మకాలు ఎందరినో నిలువునా ముంచుతున్నాయి. మొదటిది, ఇక్కడ కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చేశాడు గనుక అక్కడి ఎంఎస్ స్టెమ్ కాకపోయినా పాత పట్టా ఆదుకుంటుందనే నమ్మకం. ముందు పొందిన స్టెమ్ పట్టా ఆధారంగా పొడిగింపు కోరడానికి నియమాలలో వీలు ఉన్నమాట నిజమే గానీ, ఆ పట్టా గుర్తింపు పొందిన అమెరికా విద్యాసంస్థ నుంచి వచ్చినదై, గత పదేళ్లలో పొందినదై ఉండాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పొందిన బీటెక్ దీనికి పనికిరాదు. రెండోది, పొడిగింపు రాకపోతే స్టెమ్ కోడ్ ఉన్న మరో ఎంఎస్‌లో చేరితే మళ్లీ ఓపీటీ వస్తుందనే నమ్మకం. ఓపీటీని ఒక్కొక్క విద్యాస్థాయికి ఒక్కసారే ఇస్తారు. ఎంఎస్ స్థాయిలో పన్నెండు నెలలూ వాడుకున్నవారికి రెండో ఎంఎస్ మీద కొత్త ఓపీటీ రాదు. ఓపీటీ లేనిచోట దాని పొడిగింపు అనే ప్రసక్తే ఉండదు. పీహెచ్‌డీ వంటి పైస్థాయి చదువుకు వెళితేనే మళ్లీ అర్హత పుడుతుంది. అందువల్లనే ఈ తప్పును తరువాత దిద్దుకుందామనుకోవడం కుదరదని ఎన్నిసార్లైనా చెప్పవలసి వస్తోంది.

ఇటీవల ఒక న్యాయవాది వకాల్తా తీసుకున్న వ్యవహారం ఈ చిక్కును మొత్తంగా చూపిస్తుంది. గుంటూరు ప్రాంతానికి చెందిన ఒక ఉపాధ్యాయుడు, సొంత ఇంటిని తాకట్టు పెట్టి తెచ్చిన ముప్ఫై లక్షలకు పైబడిన విద్యారుణంతో కుమార్తెను ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో ఎంఎస్‌కు పంపాడు. కన్సల్టెన్సీ ఇచ్చిన రంగుల పత్రంలో ఆ కోర్సు ఎదుట స్టెమ్ అని స్పష్టంగా ముద్రించి ఉంది. ఐ-20 మీద మాత్రం కోర్సు పేరు మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, జనరల్ అని, దాని పక్కన 52.1201 అని ఉంది. పేరు కొంచెం మారిందని ఆ అమ్మాయి గమనించి అడిగినప్పుడు, విశ్వవిద్యాలయాలు అలాగే రాస్తాయని, రెండూ ఒకటేనని కన్సల్టెన్సీ ఉద్యోగి వాట్సాప్‌లో జవాబిచ్చాడు. ఆమె మంచి మార్కులతో పట్టా పొంది, ఓపీటీ మీద ఉద్యోగంలో చేరి, విదేశీ ఉద్యోగులకు ఇచ్చే హెచ్-1బీ వీసా లాటరీలో ఎంపిక కాక, పొడిగింపు కోసం విశ్వవిద్యాలయపు అధికారిని సంప్రదించినప్పుడు, ఆ కోర్సుకు అర్హత లేదనే ఒకే వాక్యం జవాబుగా వచ్చింది. రెండేళ్లపాటు ఆ విద్యార్థిని దస్త్రం చేతిలో పెట్టుకొని, ఓపీటీకి సిఫారసు చేసిన రోజున కూడా ఈ సంగతి ఒక్క మాట చెప్పని కార్యాలయం తీరు క్షమించదగినది కాదు. ఓపీటీ ముగిసిన తరువాత మిగిలే అరవై రోజుల గడువులో ఆమె ఇంటికి తిరిగి వచ్చింది. హెచ్-1బీకి ఏటా సాధారణ కోటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000 మాత్రమే ఉన్నందున, ఒక్క ప్రయత్నంతో దొరకడం దుర్లభం. ముప్ఫై ఆరు నెలలు ఉన్నవారికి మూడుసార్లు ప్రయత్నించే వీలుండగా, ఆమెకు ఒక్కసారితోనే దారి మూసుకుపోయింది.

ఇక కన్సల్టెన్సీ బాధ్యత సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన చేసినవారిపైనా, సేవలో లోపం జరిపినవారిపైనా ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ప్రతిఫలం యాభై లక్షల లోపు అయితే జిల్లా కమిషన్‌లోనే, అదీ ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు. ప్రతిఫలం అయిదు లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము కూడా లేదు. కానీ ఉచితంగా చేసిన సేవ ఈ చట్టం కిందికి రాదు. అనేక కన్సల్టెన్సీలు విశ్వవిద్యాలయాల నుంచి కమీషన్ తీసుకుంటూ, విద్యార్థికి మాత్రం తమ సేవ ఉచితమని చెబుతాయి. ప్రాసెసింగ్ కోసమని నగదుగా తీసుకున్న మొత్తానికి తమంతట తాముగా రసీదు ఇవ్వవు. అడిగితే ఇచ్చేవారే అయినా అడగనివారు ఎక్కువ. పైన చెప్పిన ఉపాధ్యాయుడు ఫీజును తన బ్యాంకు ఖాతా నుంచి బదిలీ చేయడం వల్లనే కన్సల్టెన్సీపై ఆయన వేసిన ఫిర్యాదుకు ఆధారం మిగిలింది. నగదు ఇచ్చి చేతులు దులుపుకున్నవారికి మోసానికి సంబంధించిన భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద పోలీసు ఫిర్యాదు అనే దారి ఉన్నా, అక్కడ మొదటి నుంచీ మోసపుచ్చే ఉద్దేశం ఉన్నదని రుజువు చేయవలసి ఉంటుంది. నిర్లక్ష్యాన్ని మోసంగా నిరూపించడం తేలిక కాదు.

వాట్సాప్ సందేశాలను సాక్ష్యంగా చూపాలంటే స్క్రీన్‌షాట్ల ప్రింట్లు తెచ్చి ఇస్తే చాలదు. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం, ఆ సందేశాలు ఏ ఫోన్‌లో వచ్చాయో, ఎలా తీశారో తెలుపుతూ నిర్ణీత రూపంలో ధ్రువపత్రం దాఖలు చేయాలి. కక్షిదారులు ఈలోగా ఫోన్ మార్చేసి, పాతదాన్ని ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసి వస్తున్నారు. సందేశాలు మొదట వచ్చిన ఫోన్‌ను పారేయకుండా దాచిపెట్టమని అడగడం అంత పెద్ద కోరిక కాదు.

బ్యాంకు విషయంలోనూ ఇదే అశ్రద్ధ కనిపిస్తోంది. విద్యారుణంలో తండ్రి సాధారణంగా సహ రుణగ్రహీత, అంటే అప్పు పూర్తిగా తనదే అయినట్టు బాధ్యత వహించేవాడు. అమ్మాయి ఉద్యోగం పోయిందన్న కారణం ఆయన బాధ్యతను తగ్గించదు. వాయిదాలు తొంభై రోజులు బాకీ పడితే ఖాతా నిరర్థక ఆస్తిగా మారుతుంది. ఆపై, తాకట్టు ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకుకు ఇచ్చే సర్ఫేసీ చట్టం 13(2) సెక్షన్ కింద అరవై రోజుల గడువుతో నోటీసు వస్తుంది. దానికి రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపితే బ్యాంకు పదిహేను రోజులలో కారణాలతో జవాబు ఇవ్వాలి. ఆ ఉపాధ్యాయుడు ఆ నోటీసును విప్పి చదివి బీరువాలో పెట్టాడు. ఇంటి గోడ మీద స్వాధీన నోటీసు అంటించిన తరువాత గానీ ఎవరినీ సంప్రదించలేదు. అదృష్టవశాత్తు డీఆర్‌టీకి, అంటే రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు, వెళ్లడానికి ఉన్న నలభై అయిదు రోజులు ఇంకా మించిపోలేదు. ఇలాంటి సందర్భాలలో సివిల్ కోర్టుకు వెళ్లి ఇంజంక్షన్ అడిగేవారికి అదే చట్టం 34వ సెక్షన్ అడ్డు వస్తుందనీ, ఈలోగా ట్రిబ్యునల్ గడువు కరిగిపోతుందనీ గ్రహించాలి.

అమెరికాలో ఓపీటీ గడువు ముంచుకొస్తున్నప్పుడు విద్యార్థులకు తప్పుదారులు చూపేవారు ఎదురవుతారు. హాజరు లేకుండా, తరగతులు లేకుండా కేవలం విద్యార్థి హోదా నిలిపి ఉంచే కాలేజీలలో పేరు నమోదు చేసుకోమని వారు సలహా ఇస్తారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం వ్యవహారం బయటపడినప్పుడు, అది హోంల్యాండ్ భద్రతా శాఖ తానే నడిపిన బూటకపు సంస్థ అని తేలింది. తరగతులే జరగని ఆ సంస్థలో చేరినందుకు నిర్బంధానికి గురైనవారిలో అత్యధికులు భారతీయులు, వారిలో తెలుగు విద్యార్థులు ఎందరో. అక్కడికి వారిని చేర్చిన దళారులపై కేసులు నమోదయ్యాయి గానీ, విద్యార్థుల కాలమూ డబ్బూ తిరిగి రాలేదు. ఓపీటీ ముగిసిన తరువాత అనుమతి లేని పని ఒక్కరోజు చేసినా, పని లేకుండానే ఉద్యోగం ఉన్నట్టు కాగితాలు కొన్నా, భవిష్యత్తులో అడిగే ప్రతి వీసా దరఖాస్తులోనూ అది ఎదురవుతుంది.

గుంటూరు వ్యవహారంలో ఇప్పుడు వాదమంతా కాలపరిమితి చుట్టూ తిరుగుతోంది. వినియోగదారుల చట్టం 69వ సెక్షన్ ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు గడువు ఇస్తుంది. ఐ-20 చేతికి వచ్చిన రోజునే కోడ్ కళ్లెదుట ఉందనీ, ఆనాటి నుంచే లెక్కించాలనీ కన్సల్టెన్సీ వాదిస్తుండగా, పొడిగింపు నిరాకరించిన రోజునే నష్టం తెలిసిందని ఫిర్యాదుదారు వాదిస్తున్నాడు. ఆలస్యాన్ని మన్నించమంటూ, రెండూ ఒకటేనని కన్సల్టెన్సీ ఉద్యోగే నమ్మబలికిన ఆ వాట్సాప్ జవాబును జతచేసి, ముందుజాగ్రత్తగా ప్రత్యేక దరఖాస్తు కూడా దాఖలు చేశారు. ఇదే స్థితిలో ఉన్న మరో కుటుంబం ఏదైనా ఐ-20 తేదీ నుంచి రెండేళ్లు ఇంకా నిండకుండా ఉంటే, నిరాకరణ ఉత్తరం కోసం ఎదురుచూడకుండా, 52.1201 కనబడిన రోజునే రాతపూర్వక నోటీసు పంపి, గడువులోపు ఫిర్యాదు వేయడం మంచిది.