కిర్గిజ్‌స్తాన్ వెళ్తున్న మేనకోడలికి

ముషీరాబాద్,
20 జూలై 2025

బిడ్డా,

మీ అమ్మ ఫోన్ చేసి నీ డాక్టర్ చదువు ఖాయమైందని, సెప్టెంబర్‌లో ప్రయాణమని చెప్పింది. ఏ దేశమని అడిగితే, "ఏదో స్తాన్ అన్నా, చలి బాగా ఉంటదట, ఫీజు తక్కువట" అంది. ఆరేళ్లు ఉండబోయే దేశం గురించి మన ఇంట్లో ఎవరికీ అంతకుమించి తెలియకపోతే ఎలా? అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఒకటికి రెండుసార్లు చదువు.

నీట్‌లో ర్యాంకు అందలేదని నువ్వు తల దించుకోనక్కర్లేదు. ఇక్కడ ప్రైవేటు కాలేజీలో బి కేటగిరీ సీటుకు ఏటా పదకొండు లక్షల పైమాటే. అక్కడ మూడు నాలుగు లక్షల్లో ఏడాది గడుస్తుంది. దుబాయ్ ఎండల్లో కూడబెట్టిన డబ్బు ఎంతవరకు వస్తుందో మీ నాన్న లెక్క చూసుకునే ఒప్పుకున్నాడు. ఆ లెక్కతో నాకు పేచీ లేదు. నా దిగులల్లా, ఇక్కడి నుంచి వెళ్లే పిల్లలు చాలామంది ఆ దేశాన్ని ఒక సీటుగా తప్ప దేశంగా చూడకపోవడం గురించే. హాస్టల్, క్లాసు, ఇండియన్ మెస్, రాత్రయితే ఫోన్‌లో తెలుగు వీడియోలు. అలా ఆరేళ్లూ గడిపేసి, అక్కడి ముసలమ్మతో నాలుగు మాటలు మాట్లాడడం రాకుండానే తిరిగి వస్తారు. నీకు వైద్యం నేర్పేది ఆ ముసలమ్మే. మంచం పక్కన నిలబడి, ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి అని అడగడం దగ్గర మొదలవుతుంది నీ చదువు.

ముందు పటం తెరువు. కశ్మీర్‌కి పైన పామీర్, దానికీ పైన తియన్‌షాన్ పర్వతాలు. ఆ పర్వతాల నడుమ ఉందీ దేశం. ఉత్తరాన కజకిస్తాన్, పడమర ఉజ్బెకిస్తాన్, దక్షిణాన తజికిస్తాన్, తూర్పున చైనా. సముద్రం ఎటు చూసినా లేదు. అక్కడి గడియారం మనకంటే అరగంటే ముందుంటుంది కాబట్టి అమ్మతో మాట్లాడడానికి ఇబ్బంది ఉండదు. విస్తీర్ణం సుమారు 2 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్ కంటే పెద్దది. జనం మాత్రం 70 లక్షల పైచిలుకు. మన హైదరాబాద్‌లోనే అంతకంటే ఎక్కువ మంది ఉన్నారు. భూమిలో తొంభై శాతానికి పైగా కొండలే అయితే మనుషులుండేది ఎక్కడ? దేశం సగటు ఎత్తే 2,750 మీటర్లు, మన ఊటీని మించింది. రాజధాని బిష్కెక్ 800 మీటర్ల ఎత్తులో, ఓష్ 1,000 మీటర్ల దగ్గర ఉంటాయి కాబట్టి నీ ఊపిరికి ఎత్తు వల్ల భయం లేదు. అయితే బిష్కెక్ నుంచి ఓష్‌కి రోడ్డున పోవాలంటే 3,000 మీటర్లు దాటిన కనుమలు ఎక్కి దిగాలి. ఉత్తరాది వాళ్లూ దక్షిణాది వాళ్లూ ఒకరినొకరు కొంచెం దూరంగానే చూసుకుంటారు. దేశ రాజకీయం సగం ఈ కనుమల వల్ల పుట్టిందే.

ఇక నీళ్ల సంగతి. పొరుగున చాలాచోట్ల చమురో గ్యాసో ఉంది. వీళ్లకున్నది మంచు, ఆ మంచు కరిగిన నీళ్లు. నారిన్ నది మీద సోవియట్ కాలంలో కట్టిన టొక్తొగుల్ డ్యామ్ 1,200 మెగావాట్ల కరెంటు ఇస్తుంది. చలికాలంలో ఇళ్లు వెచ్చగా ఉండాలంటే కిర్గిజ్ వాళ్లు అప్పుడే నీళ్లు వదిలి కరెంటు తీయాలి. కింద ఉన్న ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్ రైతులకేమో నీళ్లు కావలసింది ఎండాకాలంలో, పత్తికి. సోవియట్ యూనియన్ ఉన్నప్పుడు ఒకరు నీళ్లిస్తే మరొకరు బొగ్గు, గ్యాసు ఇచ్చేలా మాస్కో సర్దింది. 1991లో ఆ సర్దుబాటు చేసేవాళ్లే లేకుండా పోయారు. శ్రీశైలంలో కరెంటు కోసం నీళ్లు వదిలితే సాగుకు ఏం మిగులుతుందని 2021లో మన రెండు రాష్ట్రాలు ఎలా పోట్లాడుకున్నాయో నువ్వు టీవీలో చూశావు. ఇదీ అలాంటి గొడవే, మధ్యలో దేశాల సరిహద్దులున్నాయి, అంతే. ఇప్పుడు ఎగువన కంబరాతా-1 డ్యామ్‌ను మూడు దేశాలూ కలిసి కట్టుకుందామని ఒప్పుకున్నాయి. మంచి పని.

కరెంటు చాలని చలికాలం గురించి నీకు వేరుగా చెప్పాలి. బిష్కెక్‌లో వేల ఇళ్లు బొగ్గు కాల్చుకుంటాయి. నగరాన్ని వెచ్చబెట్టే పెద్ద కేంద్రమూ బొగ్గు మీదే నడుస్తుంది. పక్కనే కొండలుండడంతో పొగ పైకి పోదు, వారాల తరబడి ఊరి మీదే నిలుస్తుంది. చిన్నప్పటి నుంచి నీకు ఉబ్బసం ఉంది. ఇన్‌హేలర్లు ఆరు నెలలకు సరిపడా, డాక్టర్ చీటీతో సహా పెట్టుకో. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మాస్కు లేకుండా బయటికి పోవద్దు.

అక్కడి మనుషుల గురించి చెప్పాలంటే మీ ఇంటి నుంచే మొదలుపెట్టాలి. జగిత్యాలలో మీ వాడకట్టులో ఏ ఇంట్లో చూసినా గల్ఫ్‌లో ఒకరుంటారు. అక్కడ ప్రతి పల్లెలోనూ మాస్కోలో ఒకరుంటారు. ఇళ్లు కట్టే మేస్త్రీలు, టాక్సీ నడిపేవాళ్లు, ఊడ్చేవాళ్లు. వాళ్లు పంపే డబ్బు కొన్నేళ్లలో దేశ ఆదాయంలో మూడో వంతు దాకా వెళ్లింది. మాస్కోలో పోలీసులు కాగితాలడిగితే బిష్కెక్‌లో ఇల్లు వణుకుతుంది. 2024 మార్చిలో మాస్కో శివారు సంగీత సభ మీద ఉగ్రవాద దాడి జరిగాక మధ్య ఆసియా కూలీల మీద తనిఖీలు, వెనక్కి పంపించడాలు పెరిగాయి. పిల్లల్ని అమ్మమ్మలూ నానమ్మలూ పెంచుతారు. రేపు నీ వార్డులో బీపీ మాత్రలు సగం వేసుకుని సగం దాచుకునే అవ్వ కనబడితే, ఆమె కొడుకు ఎక్కడున్నాడో అడుగు. ఆమె బాధ నీకు పుస్తకం చదవకుండానే అర్థమవుతుంది. మీ నాన్న ఇంట్లో లేని పండగలు నీకు తెలుసు కదా.

మిగతా ఆదాయంలో పెద్దది బంగారం. ఇస్సిక్‌కుల్ ప్రాంతంలో దాదాపు 4,000 మీటర్ల ఎత్తున, హిమానీనదాల పక్కన కుమ్‌తోర్ గని ఉంది. 1997లో మొదలై కెనడా కంపెనీ చేతిలో నడిచింది. 1998లో సయనైడ్ లారీ ఒకటి బర్స్కూన్ వాగులో బోల్తా పడితే ఊళ్లకు ఊళ్లే భయంతో ఖాళీ అయ్యాయి. 2021లో ప్రభుత్వం గనిని తన చేతిలోకి తీసుకుంది. బిష్కెక్ శివార్లలో దోర్దోయ్ బజారుకు మాత్రం తప్పకుండా వెళ్లి చూడు. ఓడల్లో సరుకు తెచ్చే ఇనుప కంటైనర్లను ఒకదాని మీద ఒకటి పేర్చారు. కింద దుకాణం, పైన గోదాము, వరస వెంట వరస కిలోమీటర్ల పొడవునా ఉంటుంది. సోవియట్ కార్ఖానాలు మూతపడి జీతాలు ఆగినప్పుడు టీచర్లూ ఇంజనీర్లూ చైనా బట్టల మూటలు మోసి ఇక్కడే బతికారు. ఉమ్మడి పశు క్షేత్రాలు చెదిరిపోయి, కొన్నేళ్లలోనే దేశంలో గొర్రెల సంఖ్య సగానికి పైగా పడిపోయింది. ఎండాకాలంలో గుడారాలు వేసుకుని పచ్చిక మైదానాల్లో ఉండే కాపరులు ఇప్పటికీ ఉన్నారు.

చరిత్ర ఎంతో ఉంది, నీకు కావలసినంతే చెబుతాను. పంతొమ్మిదో శతాబ్దంలో రష్యా జార్లు ఈ నేలను ఆక్రమించారు. 1916లో, ప్రపంచ యుద్ధానికి పనివాళ్లుగా రమ్మన్నందుకు జనం తిరగబడితే అణచివేశారు. కొండలు దాటి చైనాకు పారిపోతూ లెక్కలేనంత మంది చనిపోయారు. ప్రతి ఇంటికీ ఆ కథ తెలుసు. సోవియట్‌లు వచ్చాక చదువు, ఆసుపత్రులు, సిరిలిక్ లిపి వచ్చాయి. 1938లో స్టాలిన్ మనుషులు దేశపు చదువుకున్న తరాన్నే కాల్చి పూడ్చిపెట్టారు. అలా చనిపోయినవాళ్లలో రచయిత చింగీజ్ ఐత్‌మాతొవ్ తండ్రి ఒకరు. ఆ గొయ్యి 1991లో గానీ బయటపడలేదు. ఐత్‌మాతొవ్ రాసిన 'జమీల్యా' సోవియట్ రోజుల్లో తెలుగులోకి వచ్చింది. వెళ్లేలోగా చదువు. చిక్కడపల్లి లైబ్రరీలో దొరక్కపోతే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతుకుదాం.

1991 ఆగస్టు 31న స్వతంత్రం వచ్చింది. 2005, 2010, 2020 మూడుసార్లూ జనం వీధుల్లోకొచ్చి అధ్యక్షుల్ని దింపేశారు. 2010 జూన్‌లో ఓష్‌లో కిర్గిజ్, ఉజ్బెక్ జనాల మధ్య అల్లర్లలో నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. ఓష్‌లో సీటు వస్తే ఈ సంగతి మనసులో ఉంచుకుని మసలుకో. ఎవరి తరఫునా మాట్లాడకు, ఇద్దరితోనూ స్నేహంగా ఉండు. బాబర్ పుట్టిన ఆందిజాన్ అక్కడికి దగ్గరే, ఇప్పుడది ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. ఫెర్గానా లోయలో ఒకే వాగు నీళ్లు తాగే పల్లెల మధ్య నుంచి సరిహద్దు గీతలు పోతాయి. తజికిస్తాన్‌తో 2021లోనూ 2022లోనూ తుపాకులు పేలాయి. 2025 మార్చిలో గానీ సరిహద్దు ఒప్పందం మీద సంతకాలు కాలేదు.

నువ్వు అడగకపోయినా 2024 మే 17 రాత్రి గురించి చెప్పాలి. స్థానికులకూ విదేశీయులకూ మధ్య జరిగిన కొట్లాట వీడియో పాకిపోయి, బిష్కెక్‌లో గుంపులు విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద పడ్డాయి. మన రాయబార కార్యాలయం పిల్లల్ని గదులు దాటొద్దని చెప్పింది. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, అలాగని ఆ దేశం మొత్తానికీ అంటగట్టొద్దు. చేరిన వారంలోనే రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేసుకో. రాత్రి పూట గుంపులుగా గోల చేస్తూ తిరగడం, బార్ల దగ్గర వాదనలు మనకొద్దు. వాళ్ల మాట వస్తే మనిషి మనిషితో కలుస్తాడు. పెద్దవాళ్లు వ్యానెక్కితే లేచి సీటివ్వు. కొత్త ఆడమనిషినైనా 'ఎజే' అని పిలువు, మనం అక్కా అన్నట్టే. వాళ్లింట్లో రొట్టెను బోర్లా పెట్టకు. విహారాలకు వెళ్లేటప్పుడూ జాగ్రత్త. 2024లోనే మన తెలుగు పిల్లాడొకడు పరీక్షలయ్యాక సరదాగా వెళ్లి, మంచు జలపాతంలో ఇరుక్కుని చనిపోయాడు. వేసవిలో ఇస్సిక్‌కుల్ చూడు. 182 కిలోమీటర్ల పొడవైన సరస్సు, చలికాలంలోనూ గడ్డకట్టదు. మంచు కొండల జోలికి మాత్రం స్థానికుడు తోడు లేకుండా పోకు.

ఇక నీ చదువు. కాలేజీలో పాఠం ఇంగ్లీషులో చెబుతారు. రోగి ఇంగ్లీషులో దగ్గడు. కేస్ షీటు, మందుల చీటీ, నర్సు మాట అన్నీ రష్యన్‌లోనో కిర్గిజ్‌లోనో ఉంటాయి. రష్యన్‌లో అక్షరాలు 33, కిర్గిజ్‌లో ఇంకో మూడు. పూర్తిగా పట్టుబట్టి కూర్చుంటే లిపి కొద్దిరోజుల్లో వస్తుంది. తార్నాకలో ఇఫ్లూ ఉంది, అక్కడ రష్యన్ విభాగం ఉంది. క్యాంపస్‌లో రష్యన్ చదివే పిల్లలతో మాట్లాడాను, సాయంత్రాలు నీకు నేర్పడానికి ఒకమ్మాయి ఒప్పుకుంది. ముషీరాబాద్ నుంచి తార్నాక బస్సులో ఎంతసేపు?

ఇంకో మాట. అక్కడి వార్డుల్లో గొర్రెల మందల దగ్గరి కుక్కల నుంచి సోకే హైడాటిడ్ తిత్తులు, పచ్చిపాలతో వచ్చే బ్రూసెల్లోసిస్ చూస్తావు. మలేరియా చూడవు. 2016లోనే ఆ దేశం మలేరియా లేనిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. డెంగీ, పాముకాటు రోగుల్నీ నువ్వు ఇక్కడే చూడాలి. దోమ కడుపులో మలేరియా క్రిమిని 1897లో రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లో. ఆయన పేరు పెట్టిన ఫీవర్ హాస్పిటల్ నల్లకుంటలో ఉంది, సెలవుల్లో వచ్చినప్పుడు అక్కడికి వెళ్లి చూడు. తిరిగొచ్చి రాయవలసిన ఎఫ్ఎంజీఈ పరీక్షలో మన రోగాలే అడుగుతారు. 300 మార్కులకు 150 రావాలి. చాలా విడతల్లో గట్టెక్కేది నలుగురిలో ఒకరు, అటూ ఇటూగా. ఆ మిగిలిన ముగ్గురి తల్లిదండ్రులూ అప్పులు చేసినవాళ్లే. కాబట్టి మొదటి ఏడాది నుంచే మన పుస్తకాలు పక్కన పెట్టుకుని చదువు.

కన్సల్టెన్సీ వాళ్ల మాట కాదు, కాగితం చూడాలి. విదేశాల్లో వైద్యం చదివేవాళ్లకు మన దేశం పెట్టిన 2021 నవంబర్ నిబంధనల ప్రకారం కోర్సు 54 నెలలకు తగ్గకూడదు. అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. బోధన ఇంగ్లీషులో ఉండాలి. ఆ దేశంలో అక్కడి పౌరులతో సమానంగా ప్రాక్టీసు చేసే అర్హత రావాలి. ఇక్కడికొచ్చాక మళ్లీ ఏడాది ఇంటర్న్‌షిప్. ఐదేళ్లలో అయిపోతుందని ఎవరైనా అంటే, ఇంటర్న్‌షిప్ ఎక్కడ, ఏ ఆసుపత్రిలో, ఎన్ని మంచాలని అడుగు. జవాబు రాతపూర్వకంగా తీసుకో.

మీ నాన్న దేని మీదా సంతకం పెట్టకముందే ఆ కాగితాలన్నీ ఫొటో తీసి నాకు పంపించు. ఆగస్టు మొదటి వారానికి బట్టలు సర్దుకుని ఇక్కడికి వచ్చేయ్. అత్తమ్మ నీ గది సిద్ధం చేసింది. నెల రోజుల్లో లిపి చదవడం, రోగిని అడగవలసిన పాతిక ప్రశ్నలు రష్యన్‌లో నోటికి రావాలి. అవి రాకుండా విమానం ఎక్కనివ్వను.

ఇట్లు,
మీ మామయ్య