మోటారు కారు బీమా: అందలి రకములు, వాటి ప్రయోజనము

“బీమా” అనే మాట పారసీక భాష నుండి ఉర్దూ ద్వారా మన తెలుగులోనికి వచ్చినది. పారసీకములో “బీమ్” అనగా భయము. కారు కొన్నవాని భయము సహజముగా తన కారును గురించియే ఉంటుంది. ఎవరైన గుద్దుతారేమో, దొంగ ఎత్తుకొనిపోతాడేమో, వరదనీట మునుగుతుందేమో అని అతని ఆరాటము. కాని చట్టము మొదట తలచినది కారు యజమానిని కాదు. కాలువ గట్టున సైకిలు త్రొక్కుకొంటూ పోయే కూలీని, బడి విడిచి ఇంటికి నడచివచ్చే పిల్లను తలచినది. ఈ భేదము గ్రహించినచో కారు బీమాలోని రకములన్నియు సులభముగా బోధపడతాయి.

రోడ్డుపై తిరిగే మోటారు వాహనమునకు బీమా తప్పనిసరి అనే నియమము బ్రిటనులో 1930 నాటి చట్టముతో వచ్చినది. మన దేశములో 1939 నాటి మోటారు వాహనముల చట్టము ద్వారా ఆ నియమము 1946 జూలై 1 నుండి అమలు జరిగినది. నేడు అమలులో నున్నది 1988 నాటి చట్టము. దాని 146వ సెక్షను ప్రకారము బీమా లేని వాహనమును బహిరంగ స్థలములో నడుపరాదు. నడిపినచో మూడు నెలల వరకు జైలు, లేదా రూ. 2,000 జరిమానా, లేదా రెండును విధించవచ్చును. నేరము మరల చేసినచో జరిమానా రూ. 4,000.

1. మూడవ వ్యక్తి బీమా

దీనినే థర్డ్ పార్టీ బీమా అంటారు. బీమా ఒప్పందములో కంపెనీ ఒక పక్షము, యజమాని రెండవ పక్షము. వీరిద్దరును గాక, ఆ కారు వలన నష్టపడిన బయటివాడు మూడవ వ్యక్తి. అతడు మరణించినను, గాయపడినను కోర్టు నిర్ణయించిన పరిహారమును కంపెనీ చెల్లిస్తుంది. దానికి గరిష్ఠ పరిమితి లేదు. అతని ఆస్తికి కలిగిన నష్టమునకు మాత్రము ప్రైవేటు కార్ల విషయములో రూ. 7,50,000 వరకు హద్దు కలదు. చట్టము తప్పనిసరి చేసినది ఈ బీమానే. దీని ప్రీమియమును కంపెనీలు కాక ప్రభుత్వము నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుండి అమలుకు వచ్చిన రేటు ప్రకారము 1000 సి.సి. వరకు గల కారుకు ఏడాదికి రూ. 2,094, 1000 దాటి 1500 సి.సి. వరకు రూ. 3,416, అంతకు పైన రూ. 7,897. సుప్రీంకోర్టు ఆదేశము మేరకు 2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్త కారు కొన్నవారు ఈ బీమాను మూడేండ్లకు ఒకేసారి తీసికొనవలసి ఉన్నది.

ఈ స్వల్ప మొత్తము వెనుక ఎంత బరువున్నదో ఒక లెక్క చూచినచో తెలుస్తుంది. ముప్పదియైదేండ్ల కొబ్బరి దింపు కార్మికుడొకడు కారు ప్రమాదములో మరణించినాడని అనుకొందము. అతని నెలసరి ఆదాయము రూ. 15,000. అతనిపై ఆధారపడినవారు భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. సుప్రీంకోర్టు 2009, 2017 సంవత్సరములలో నిర్దేశించిన పద్ధతి ప్రకారము, భవిష్యత్తులో పెరుగగల ఆదాయము క్రింద 40 శాతము కలిపినచో నెలకు రూ. 21,000, ఏడాదికి రూ. 2,52,000. స్వంత ఖర్చుల క్రింద నాల్గవ వంతు తీసివేయగా మిగిలినది రూ. 1,89,000. ఆ వయస్సునకు నిర్ణయించిన గుణకము 16తో హెచ్చించగా రూ. 30,24,000 అవుతుంది. అంత్యక్రియల ఖర్చు మొదలగునవి దీనికి అదనము. కారుకు బీమా లేనిచో ఈ మొత్తము యజమాని ఇంటి మీదను, కొబ్బరితోట మీదను పడుతుంది. అవియును లేనివాడైనచో ట్రిబ్యునలు తీర్పు కాగితముగానే మిగిలిపోతుంది. ఆ నలుగురి ఆకలి తీరదు.

అయితే ఈ బీమా ఒక్కటే ఉన్నవారు రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. ఒకటి, తన కారు నుజ్జయినను దీని క్రింద ఒక్క పైసా రాదు. రెండు, కారులో కూర్చున్న బంధుమిత్రుల సంగతి. చట్టము కోరిన కనీసపు పాలసీకిని, ప్యాకేజి పాలసీకిని గల తేడాను సుప్రీంకోర్టు 2012లో వివరించుచు, ప్రైవేటు కారులో ప్రయాణించువారికి రక్షణ ప్యాకేజి పాలసీలో కలదని చెప్పినది. కుటుంబమంతటిని కారులో పెండ్లికి తీసికొనిపోవు యజమాని ఈ తేడాను తప్పక తెలిసికొనవలెను.

2. సొంత నష్టపు బీమా

తన కారుకు కలిగే నష్టమునకు చేయించుకొనునది ఇది. ఇది యజమాని ఇష్టము. అగ్నిప్రమాదము, దొంగతనము, అల్లర్లు, భూకంపము, వరద, తుపాను, బయటి నుండి తగిలిన దెబ్బ దీని క్రిందకు వస్తాయి. 1986 ఆగస్టు గోదావరి వరదను, 1996 నవంబరు 6 నాటి తుపానును, 2022 జూలై వరదను చూచిన కోనసీమలో దీని అవసరమును వేరుగా చెప్పనక్కరలేదు. గాలికి కొబ్బరిచెట్టు కారుపై పడినను ఈ బీమా వర్తిస్తుంది. రోడ్డు మీదనే కాక రైలులోను, లోతట్టు జలమార్గములోను కారును తరలించునప్పుడు కలిగే నష్టము కూడ ఇందులో చేరుతుంది. కావున సఖినేటిపల్లి రేవులో పంటు మీద కారును నరసాపురము దాటించువారికి ఈ నిబంధన అక్కరకు వచ్చునది.

కారు వెలను ఐ.డి.వి. అనే పేరుతో పాలసీలో వ్రాస్తారు. వయస్సును బట్టి ఈ వెల తగ్గుతుంది. ఆరు నెలలు దాటి ఏడాది లోపు కారుకు 15 శాతము, రెండేండ్ల లోపు 20, మూడేండ్ల లోపు 30, నాలుగేండ్ల లోపు 40, ఐదేండ్ల లోపు 50 శాతము తరుగు తీస్తారు. మరమ్మతు ఖర్చు ఈ వెలలో 75 శాతమును మించినచో కారు పూర్తిగా పోయినట్లే లెక్కకట్టి ఆ వెలను చెల్లిస్తారు. ప్రీమియము తగ్గునని ఐ.డి.వి.ని తక్కువగా వ్రాయించుకొన్నవారికి అప్పుడు దక్కునదియు తక్కువే.

3. ప్యాకేజి పాలసీ

పై రెండింటిని కలిపి ఇచ్చునది ప్యాకేజి పాలసీ. సమగ్ర బీమా అని వాడుక. పేరు సమగ్రమైనను అన్నియు ఇందులో ఉండవు. మార్చిన భాగములలో రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీలకు సగము ధరయే ఇస్తారు. 1500 సి.సి. వరకు గల కారుకు ప్రతి క్లెయిములోను మొదటి రూ. 1,000 యజమానియే భరించవలెను. మద్యము సేవించి నడిపినను, లైసెన్సు లేనివాడు నడిపినను సొంత నష్టము రాదు. ప్రైవేటు కారుగా బీమా చేయించి, గల్ఫు ప్రయాణికులను మధురపూడి విమానాశ్రయమునకు కిరాయికి తీసికొనిపోయినను రాదు.

4. యజమాని–డ్రైవరు ప్రమాద బీమా

కారు నడుపుచు యజమానియే మరణించినచో అతని కుటుంబమునకు రూ. 15,00,000 ఇచ్చునది ఇది. ఈ మొత్తము 2018లో నిర్ణయింపబడినది. యజమానికి చెల్లుబాటైన లైసెన్సు ఉండవలెను.

5. అదనపు రక్షణలు

మరికొంత ప్రీమియము చెల్లించి వీటిని చేర్చుకొనవచ్చును. తరుగు తీయకుండ భాగముల పూర్తి ధర ఇచ్చునది జీరో డిప్రిసియేషను. ఇంజను రక్షణ వేరొకటి. మన ప్రాంతమునకు ఇది ముఖ్యము. నీట నిలిచిన కారును స్టార్టు చేసినచో నీరు సిలిండర్లలోనికి పోయి ఇంజను విరుగుతుంది. అది వరద చేసిన నష్టము కాదు, తరువాత కలిగిన నష్టమని కంపెనీ త్రోసివేయవచ్చును. అందుచేత మునిగిన కారును స్టార్టు చేయక, కంపెనీకి తెలిపి, మెకానిక్కు వద్దకు లాగించుకొనిపోవలెను.

ఏడాది పొడవున సొంత నష్టపు క్లెయిము చేయనివారికి ఆ భాగపు ప్రీమియములో నో క్లెయిమ్ బోనసు లభిస్తుంది. అది 20, 25, 35, 45, 50 శాతముల చొప్పున ఐదేండ్లలో పెరుగుతుంది. ఇది కారుది కాదు, యజమానిది; కారు అమ్మినను అతనికే చెందుతుంది. పాలసీ గడువు ముగిసి 90 దినములు దాటినచో పోతుంది.

మనవారిలో కొందరికి బీమా ధర్మసమ్మతమా అనే సంశయము కలదు. వడ్డీయు, అనిశ్చితియు ఇందులో ఉన్నవని వారి అభ్యంతరము. 1985లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ వ్యాపార బీమాను ఆమోదింపక, సహకార పద్ధతి బీమాను ఆమోదించినది. పరస్పర హామీ అనే అర్థము గల తకాఫుల్ పద్ధతికి మలేషియా 1984లోనే చట్టము చేసినది. ఈ చర్చలో తీర్పు ఆలిములది. కాని మూడవ వ్యక్తి బీమాను చట్టము తప్పనిసరి చేసినది పరుల ప్రాణము కొరకు. పొరపాటున ఒకని చేతిలో మరియొకడు మరణించినచో, ఆ దియత్ భారమును హంతకుని బంధువర్గమైన ఆఖిలా పంచుకొని చెల్లించవలెనని ఇస్లామీ న్యాయశాస్త్రము పూర్వమే విధించినది. బాధిత కుటుంబము రిక్తహస్తములతో మిగులరాదనుటయే అందలి ఉద్దేశము. ఈ బీమా ఉద్దేశమును అదియే.

విద్యార్థులకు ఒక మాట. పదునెనిమిదేండ్లు నిండనివాడు వాహనము నడిపి ప్రమాదము చేసినచో సంరక్షకునికి మూడేండ్ల వరకు జైలు, రూ. 25,000 జరిమానా అని 2019 సవరణ చెప్పుచున్నది. ఇంటిలో కారున్నవారు పాలసీ కాగితమును ఒకసారి తీసి చూడండి. అది ఏ రకమైనది, గడువు ఎప్పుడు, వెల ఎంత, కారు ఏ ఉపయోగమునకు అని అందులో వ్రాసియున్నది. సొంత కారుకు బీమా చేయుటయు, మానుటయు యజమాని ఇష్టము. ఎదుటివాని ప్రాణమునకు హామీ లేకుండ రోడ్డెక్కుట మాత్రము అతని ఇష్టము కాదు.