మందుల గదిలోని లెక్క: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు

ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయిన రోగి మొదట ఓపీ చీటీ తీసికొనును. వైద్యాధికారి పరీక్షించి దానిపై మందు వ్రాయును. రోగి ఆ చీటీని మందుల గది కిటికీవద్ద ఫార్మసిస్టుకు చూపి, మందు పుచ్చుకొని ఇంటికి పోవును. ఇంతవరకు పంచాయతీ సభ్యులందరు ఎరిగినదే. దీని వెనుక ఇంకొక పని కలదు. అది ఇచ్చిన మందును లెక్కలో వ్రాయుట. పూర్వము ఈ పని రిజిస్టరులోనే జరిగెడిది. నేడు అనేక కేంద్రములలో అది కంప్యూటరులోనికి ఎక్కుచున్నది. ఇట్లు క్రమపద్ధతిని కూర్చిన లెక్కల సముదాయమునకు డేటాబేస్ అని పేరు. ఈ లెక్క ఎట్లుండిన గ్రామమునకు అక్కరకు వచ్చునో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

రాజ్యాంగమునకు 1992లో జరిగిన 73వ సవరణచే చేరిన పదునొకండవ షెడ్యూలులో 23వ అంశము ఆరోగ్యము, పారిశుద్ధ్యము. ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు, డిస్పెన్సరీలు అందులోనివే. జన ఆరోగ్య సమితులలో పంచాయతీ ప్రతినిధులకు స్థానమును కలదు. కావున మందుల లెక్క ఆసుపత్రివారి సొంత వ్యవహారమని సభ్యులు ఊరకుండదగదు.

మందుల గదిని రెండు ప్రశ్నలు అడుగవచ్చును. ఎంత మందు వచ్చి ఎంత ఖర్చయినది? ఎవరికి ఏ మందు అందినది? మొదటి ప్రశ్నకు స్టాకు రిజిస్టరు సమాధానము చెప్పును. సి-డాక్ సంస్థ రూపొందించిన ఇ-ఔషధి వంటి ఏర్పాట్లు నిల్వల లెక్కకై మన రెండు రాష్ట్రములందును వాడుకలోనికి వచ్చినవి. అయితే ఒక నెలలో మూడువేల బి.పి. బిళ్ళలు ఖర్చయినవని తెలిసిన మాత్రమున, నూరుగురు నెల పొడుగున వాడిరో, రెండువందలమంది సగము నెల వాడి మానిరో తెలియదు. ఆ భేదము మనుష్యుల ప్రాణములకు సంబంధించినది. రక్తపోటు నొప్పి లేని వ్యాధి. మందు మానినవారికి ఆ దినమున ఏ బాధయు కలుగదు. పక్షవాతమో గుండెపోటో వచ్చిన తరువాతనే ఇంటివారికి సంగతి తెలియును. అందుచే రెండవ ప్రశ్న ముఖ్యము.

ఆ ప్రశ్నకు సమాధానము రావలెనన్న మొదట మనిషిని గుర్తుపట్టవలెను. ఈ పని వినుటకు సులభము. మేము ఒక కేంద్రమున మందుల కిటికీ ప్రక్కన ఒక ఉదయమంతయు కూర్చుండి చూచితిమి. ఒక వృద్ధురాలు తన పేరు లక్ష్మమ్మ అని చెప్పగానే కంప్యూటరులో ఆరుగురు లక్ష్మమ్మలు కనబడిరి. ఇంటిపేరు అడుగగా పుట్టింటిది ఒకటి, అత్తింటిది ఒకటి చెప్పినది. భర్త పేరు అడుగగా సిగ్గుపడి ప్రక్కనున్న మనుమరాలిచేత చెప్పించినది. వరుసలో ఇంకను ఇరువదిమంది నిలిచియున్నారు. ఫార్మసిస్టు ఏమి చేయగలడు? ఏడవ లక్ష్మమ్మను క్రొత్తగా వ్రాసికొనెను. ఆమె పాత లెక్క ఒకచోట, క్రొత్త లెక్క ఒకచోట పడినది. ఇక ముందు ఆమె మందు మానినదో వాడుచున్నదో ఆ యంత్రము చెప్పజాలదు.

ఈ చిక్కు రైతులకు క్రొత్తది కాదు. పట్టాదారు పేరు ఒక కాగితములో ఒక తీరున, వేరొక కాగితములో వేరొక తీరున ఉండవచ్చును. సర్వే నంబరు మాత్రము మారదు. అడంగలును, ఖాతాను కలుపునది ఆ నంబరే. ఆసుపత్రి లెక్కలోను ప్రతి మనిషికి మారని సంఖ్య ఒకటి కావలెను. 2021 సెప్టెంబరులో దేశమంతటికి విస్తరించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ క్రింద ఇచ్చు 14 అంకెల ఆభా సంఖ్య ఇందుకు పనికివచ్చును. అది ఇష్టమైనవారు తీసికొనునది. లేనివారికి వైద్యము నిరాకరింపరాదు. అట్టివారికి కేంద్రము తన సంఖ్యనే ఇచ్చి, చిన్న కార్డుపై వ్రాసి చేతికీయవచ్చును. పేరు, ఊరు, ఫోను, పుట్టిన సంవత్సరము ఆ సంఖ్య క్రింద ఒక్కమారు వ్రాసిన చాలును. వయస్సు వ్రాయుటకంటె పుట్టిన సంవత్సరము వ్రాయుట మేలు. వయస్సు ఏటేట మారును.

మందు పేరునకును ఇదే నియమము. ఒకే మందును ఒకరు కంపెనీ పేరుతో, ఒకరు అసలు పేరుతో, మరొకరు “బి.పి. బిళ్ళ” అని వ్రాసినచో మూడు మందులైనట్లు లెక్క తేలును. ఇందుకై ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పద్ధతి ఒకటి కలదు. దానినిబట్టి రక్తపోటుకు వాడు ఆమ్లోడిపిన్‌కు సి08సిఎ01 అనియు, మధుమేహమునకు వాడు మెట్‌ఫార్మిన్‌కు ఎ10బిఎ02 అనియు గుర్తులు. ఈ గుర్తులు సభ్యులు కంఠస్థము చేయనక్కరలేదు. కేంద్రములోని మందుల పట్టిక ఒకటే ఉండి, ఫార్మసిస్టు దానినుండి ఏరుకొనవలెనే గాని తోచిన పేరు టైపు చేయరాదని తెలిసిన చాలును. అయితే 5 మిల్లీగ్రాముల బిళ్ళ వేరు, 10 మిల్లీగ్రాముల బిళ్ళ వేరు. రెండింటికి పట్టికలో రెండు పంక్తులుండవలెను.

ఇక అసలు లెక్క. ఒక మనిషికి, ఒక తేదీన, ఒక మందు ఇచ్చిన దానికి ఒక వరుస. ఒకే దినమున మూడు మందులిచ్చిన మూడు వరుసలు. మూడింటిని ఒకే గడిలో గుదిగ్రుచ్చి వ్రాసిన మనిషి చదువుకొనగలడు గాని యంత్రము లెక్కింపజాలదు. వరుసలో వ్యక్తి సంఖ్య, మందు, ఇచ్చిన తేదీ, ఇచ్చిన బిళ్ళలు, అవి ఎన్ని దినములకు సరిపోవును అను గడులు తప్పనిసరి. ఈ చివరి గడిని పలువురు వదలివేయుదురు. అరువది మెట్‌ఫార్మిన్ బిళ్ళలు దినమునకు రెండు వాడువానికి నెల వచ్చును. మూడు వాడువానికి ఇరువది దినములే వచ్చును. బిళ్ళల సంఖ్య ఒకటే, రోగి మరల రావలసిన తేదీ వేరు. వైద్యాధికారి వ్రాసిన మందు వేరొక పట్టికలో ఉండవలెను. వ్రాసినదంతయు ఇచ్చినట్లు కాదు గదా! నార్వే 2004 నుండియు, స్వీడన్ 2005 జూలై నుండియు పౌరుల సంఖ్యనుబట్టి దేశమంతటి మందుల లెక్క ఉంచుచున్నవి. అక్కడ గూడ వరుస ఎక్కునది మందు చేతికందినపుడే.

ఒక ఉదాహరణ కల్పించి చూతము. ఒక రైతు దినమునకు ఒక ఆమ్లోడిపిన్ బిళ్ళ వాడవలెను. జనవరి 1, ఫిబ్రవరి 5, మార్చి 3, ఏప్రిల్ 20, మే 22 తేదీలలో వచ్చి ప్రతిసారి 30 బిళ్ళలు పుచ్చుకొనెను. జనవరి 1 నుండి జూన్ 29 వరకు 180 దినములు. మొదటి 30 బిళ్ళలు జనవరి 30తో అయినవి. 5 దినములు మందు లేదు. ఫిబ్రవరి 5న తెచ్చినవి మార్చి 6 వరకు వచ్చును. మార్చి 3న ముందుగానే వచ్చెను గనుక, ఆ బిళ్ళలను మార్చి 7 నుండి లెక్కింపవలెను. అవి ఏప్రిల్ 5తో ముగియును. మరల ఏప్రిల్ 20న గాని మందు అందలేదు. ఇక్కడ 14 దినములు ఖాళీ. అటుపిమ్మట మే 19 తరువాత 2 దినములు, జూన్ 20 తరువాత 9 దినములు. మొత్తము 30 దినములు మందు లేదు. 150 దినములు ఉన్నది. నూటికి 83 అన్నమాట. నూటికి 80 దాటినవారిని చక్కగా మందు వాడువారుగా పరిగణించుట పరిపాటి. కావున ఈ రైతు బాగుగా వాడినవారిలో చేరును.

ఆ 83 చూచి తృప్తిపడరాదు. ఏప్రిల్ 6 నుండి 19 వరకు ఏమి జరిగినది? లెక్కలో ఆ దినములకు ఒక్క వరుసయు లేదు. మామిడి కోతల పనిలో పడి అతడు రాలేదా? లేక ఏప్రిల్ 6ననే వచ్చి, మందు లేదనిపించుకొని, ఒకనాటి కూలి పోగొట్టుకొని వెనుకకు పోయెనా? రెండును లెక్కలో ఒకే విధముగా, అనగా ఖాళీగా, కనబడును. మొదటిదానికి ఆశా కార్యకర్త ఇంటికి పోవలెను. రెండవదానికి ఇండెంటు పోవలెను. ఖాళీని చూచి రోగినే నిందించుట అలవాటైనది; మేము విన్న సంభాషణలలో ఇదే ఎక్కువ.

అందుచే మందు ఇవ్వలేకపోయినపుడును ఒక వరుస వ్రాయవలెనని మా దృఢాభిప్రాయము. ఇచ్చిన బిళ్ళలు సున్న. కారణము గడిలో “నిల్వ లేదు”. ముప్పదికి పదిహేనే ఇచ్చిన, “కొంత ఇచ్చితిమి, నిల్వ చాలలేదు” అని వ్రాయవలెను. ఫార్మసిస్టునకు ఇది కొంత శ్రమయే. తన గదిలోని లోటును తానే వ్రాసియిచ్చుటకు వెనుకాడుటయు సహజము. సమితి సభలో ఆ వరుసలను చూచి అతనిని కోప్పడినచో మరుసటి నెల నుండి అవి కానరావు. లోటు మాత్రము ఉండును. అతడు వ్రాసిన సున్నలే పై అధికారులకు పంపవలసిన ఇండెంటునకు బలమైన ఆధారములు.

రాని రోగులను కనుగొను పద్ధతి మన దేశమున అమలులోనే కలదు. 2017 నవంబరులో మొదలైన భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమమునకు పంజాబ్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, కేరళ రాష్ట్రములతోబాటు తెలంగాణమును తొలి ఐదింటిలో చేరినది. అందులో ప్రతి రోగికి చికిత్సా కార్డు, మరల రావలసిన తేదీ ఉండును. తేదీ దాటినవారి జాబితా తీసి, వారికి కబురు పంపుట అందలి ముఖ్యమైన పని. జాబితా తీయుటకు గొప్ప యంత్రవిద్య ఏమియు అక్కరలేదు. ఇచ్చిన తేదీకి దినములు కలిపి, నేటి తేదీతో పోల్చిన చాలును. పై గడులు సరిగా నింపియుండుటయే కావలసినది.

బ్యాచి నంబరునకు గూడ ఒక గడి ఉంచుట మంచిది. ఏదేని ఒక బ్యాచి మందు నాణ్యము లేనిదని తేలినపుడు, గదిలో మిగిలినది వెనుకకు పంపుట సులభమే. అప్పటికే ఇండ్లకు పోయిన బిళ్ళలను తిరిగి తెప్పించుటకు ఆ గడి ఒక్కటే దారి.

తప్పు పడిన వరుసను తుడిచివేయరాదు. పంచాయతీ నగదు పుస్తకములో వలెనే, తప్పును అట్లే ఉంచి సవరణ వరుస వేరుగా వ్రాయవలెను. కరెంటు పోయిన దినమున, నెట్టు అందని దినమున కాగితముపై వ్రాసి, మూడు దినముల తరువాత కంప్యూటరులోనికి ఎక్కింతురు. అపుడు మందు ఇచ్చిన తేదీ ఒక గడిలో, ఎక్కించిన తేదీ వేరొక గడిలో ఉండవలెను. రెండును ఒకటిగా వ్రాసిన, మూడు దినముల రోగులందరు ఒకేనాడు వచ్చినట్లు తేలును.

సమితి సమావేశమున సభ్యులు అడుగదగినవి ఇవి. గడచిన నెలలో బి.పి., షుగరు మందులకు రావలసినవారు ఎందరు, వచ్చినవారు ఎందరు? వచ్చియు మందు దొరకక పోయినవారు ఎందరు, ఏ మందుకు? రానివారిలో ఎందరికి కబురు పోయినది? వీటికి అంకెలు చాలును, పేర్లు అడుగరాదు. మందు పేరు చెప్పిన రోగము పేరు చెప్పినట్లే. క్షయ, మానసిక వ్యాధులు, హెచ్.ఐ.వి. మందుల విషయమున ఇది మరింత జాగ్రత్తగా పాటింపవలెను. హెచ్.ఐ.వి. ఉన్నవారి గోప్యతకు 2017 నాటి చట్టము రక్షణ కల్పించినది. ఒక్కొక్కప్పుడు అంకెయే పేరు చెప్పివేయును. నలుబది గడపల పల్లెలో ఒకరు క్షయ మందు వాడుచున్నారని సభలో చదివిన, సాయంకాలమునకు ఆ ఒకరెవరో పల్లె కంతటికి తెలియును. అట్టి చిన్న అంకెలను పల్లెవారీగా అడుగక, కేంద్రము మొత్తమునకు కలిపి అడుగవలెను.