చేరడం వేరు, నిలవడం వేరు

కొత్త సామాజిక మాధ్యమంలోకి జనాన్ని రప్పించడం కంటే నిలుపుకోవడమే కష్టం. ఇందుకు ‘కూ’ ఒక ఉదాహరణ. 2020లో బెంగళూరులో మొదలైన ఈ యాప్‌లో తెలుగులోనూ రాసుకునే వీలుండేది. ఒక దశలో రోజుకు దాదాపు 21 లక్షల మంది వాడారని వ్యవస్థాపకులే చెప్పారు. అయినా పెట్టుబడి, భాగస్వామి దొరక్క 2024 జూలైలో మూతపడింది.

చేరినవాడు ముందు తనవాళ్ల కోసం వెతుకుతాడు. వాళ్లు లేకపోతే పాతచోటికే పోతాడు. 2004లో వచ్చిన ఆర్కుట్‌ను కూడా స్నేహితులు ఒక్కొక్కరే ఫేస్‌బుక్‌కు పోయి ఖాళీ చేశారు. 2014లో అది ఆగిపోయింది.

బెల్లంపల్లి నుంచి హైదరాబాదు దాకా చెదిరిన మన వాట్సాప్ గ్రూపు సంగతీ అంతే. శుభోదయాల రద్దీకి విసిగి చాలామందిమి మోత ఆపేసుకున్నాం. ఒక రాత్రి ఓ తమ్ముడు “అన్నా, డిగ్రీ ఫీజుకు రేపే ఆఖరు, ఎనిమిది వందలు తక్కువైనయి” అని పెట్టాడు. మేము రెండు రోజుల తర్వాత చూశాం. అప్పటికే సీటు పోయింది.

మనలో చాలామందికి ఇంట్లో అడగడానికి చదువుకున్నవారు లేరు. అన్నలే దిక్కు. అందుకే ఇప్పుడు శుభోదయాలు మానేశాం. రోజుకొకరం వంతులవారీగా ప్రశ్నలు చూస్తున్నాం. అడిగితే జవాబు వస్తుందన్న నమ్మకమే మనిషిని నిలుపుతుంది. మిత్రులారా, మీ వంతు ఏ రోజు?