అచ్చులో లోపం: కారణం పట్టుకుంటే జవాబు దొరికినట్టే

సికింద్రాబాద్‌కు చేరువలోని బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968లో ఏర్పడింది. పనిముట్లు, అచ్చుల తయారీలో శిక్షణనిస్తుంది.

ఇలాంటి శిక్షణలో ఇంజెక్షన్ మౌల్డింగ్ (కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి నెట్టి వస్తువు చేయడం) లోపాలను బట్టీ పట్టడం కన్నా కారణంతో గుర్తుంచుకోవడం మేలు. కరిగిన ప్లాస్టిక్ అచ్చు నిండా చేరకపోతే షార్ట్ షాట్: పీడనమో, వేడో చాలలేదు, లేదా లోపలి గాలికి బయటికి దారి లేదు. అంచుల్లో పల్చటి పొర పొంగితే ఫ్లాష్. ముందు అచ్చు బిగింపు బలం చూడాలి. మందమైన చోట గుంట పడితే సింక్ మార్క్.

వస్తువుపై వెండి చారలు కనిపిస్తే మొదట అనుమానించాల్సింది ప్లాస్టిక్ గుళికల్లోని తేమను. నైలాన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆరబెట్టకుండా వాడితే ఆ నీరే ఆవిరై చారలు వేస్తుంది. పాలీప్రొపిలీన్‌కు ఈ బెడద చాలా తక్కువ.